5 వాట్ల ట్యూబ్ ఆంప్‌ని ఫ్లాట్‌లో వాయించుకునేలా మార్చుకున్నా (నా అనుభవం)

"5 వాట్లే కదా, బెడ్రూమ్ ఆంప్ అది, ఇంట్లో హాయిగా వాయించుకోవచ్చు" అని ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు ట్యూబులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫైయర్) కొనే ప్రతివాడికీ ఎవరో ఒకరు చెప్తారు. ఒక్కసారి లెక్క చూద్దాం. ప్రతి గిటార్ స్పీకర్‌కీ సెన్సిటివిటీ అని ఒక నంబర్ ఇస్తారు, 1 వాట్ పెడితే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయి అని. 97 ఉన్న స్పీకర్‌కి 5 వాట్లు పూర్తిగా ఇస్తే దాదాపు 104 డెసిబెల్స్. అదే స్పీకర్‌కి 50 వాట్లు ఇస్తే 114. అంటే పవర్ పదో వంతుకి పడిపోయినా తగ్గింది పదే పది డెసిబెల్స్, చెవికి అది సౌండ్ సగమైనట్టు అనిపిస్తుంది, అంతే. మాది మియాపూర్‌లో రెండు బెడ్రూముల ఫ్లాట్, కింద ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడు, పక్కింట్లో నెలల పాప, మధ్యలో నా 104 డెసిబెల్స్. కుదిరే పనేనా?

నా దగ్గర ఉన్నది ఫెండర్ వాళ్ళ పాత ట్వీడ్ చాంప్ సర్క్యూట్, 5ఎఫ్1 అంటారు, 1950ల నాటిది. ఒరిజినల్ కాదు లెండి, దాని రేట్ వింటేనే కళ్ళు తిరుగుతాయి, మా బావ అమెరికా నుంచి వస్తూ కిట్ తెచ్చిపెట్టాడు, నేను కట్టుకున్నా. ప్రీఆంప్‌కి, అంటే గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచడానికి, ఒక 12ఏఎక్స్7 (ఒకే గాజులో రెండు సగాలు ఉంటాయి), స్పీకర్‌ని తోసే పవర్‌కి ఒక 6వి6, ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్ 5వై3, మొత్తం మూడే ట్యూబులు. నాబ్ ఒక్కటే, వాల్యూమ్. బాస్ లేదు ట్రెబుల్ లేదు మాస్టర్ లేదు. ఆ నాబ్ మీద 12 దాకా నంబర్లు ఉంటాయి, 3 దగ్గర శుభ్రంగా కానీ పల్చగా ఉంటుంది, 5 దాటాక కాస్త గరుకు మొదలవుతుంది, 8 దగ్గర మాత్రం... తీగ మీద వేలు మెల్లగా వేస్తే క్లీన్‌గా, గట్టిగా కొడితే గొంతు బొంగురుపోయి అరిచినట్టుగా, చెయ్యి ఎలా చెప్తే అలా వింటుంది. ట్యూబ్ ఆంప్ కొనేదే దాని కోసం. ఆ 8 నేను వినాలంటే ఇంట్లో ఎవరూ ఉండకూడదు, బిల్డింగ్‌లో కూడా ఎవరూ ఉండకూడదు.

ఆ రుచి ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే తప్ప దాన్ని తక్కువ సౌండ్‌లో తెచ్చుకోవడం కుదరదు. చాలామంది రెక్టిఫైయర్ ట్యూబ్ శాగ్ అంటారు, గట్టిగా కొట్టినప్పుడు వోల్టేజ్ కుంగి మళ్ళీ లేస్తుంది అదే మజా అని. రెండు పవర్ ట్యూబులు వంతులవారీగా తోసే పెద్ద పుష్ పుల్ ఆంపుల్లో అది నిజమే. చాంప్ మాత్రం సింగిల్ ఎండెడ్ క్లాస్ ఏ, అంటే ఒక్క పవర్ ట్యూబే మొత్తం పని చేస్తుంది, వాయించినా వాయించకపోయినా 6వి6 గుంజే కరెంట్ దాదాపు ఒక్కటే, కాబట్టి ఇందులో శాగ్ పాత్ర తక్కువే. ఇందులో పని అంతా 6వి6 క్లిప్ అవ్వడం (తన హద్దు దాటాక సిగ్నల్ అలల కొసలు తెగిపోవడం), దాని వెనకాల 12ఏఎక్స్7 రెండో సగం కూడా కొద్దిగా చితకడం, ఆ మీద స్పీకర్ కోన్ ఒత్తిడికి లొంగడం. అంటే 6వి6 దాని ఊపిరి అందనంతగా పరిగెత్తాలి, కానీ బయటికి వచ్చే పవర్ మాత్రం కొంచెమే ఉండాలి. దీనికి మూడు దార్లు. వచ్చిన పవర్‌ని స్పీకర్‌కి చేరేలోపు రెసిస్టర్లలో కాల్చెయ్యడం, లేదా 6వి6కే తక్కువ వోల్టేజ్ ఇచ్చి దాని పవర్‌నే తగ్గించెయ్యడం, లేదా అదే పవర్‌కి తక్కువ అరిచే స్పీకర్ పెట్టడం. నేను మూడూ చేశా.

ముందు చవకది. పీఏ స్పీకర్లు అమ్మే షాపుల్లో ఎల్ ప్యాడ్ దొరుకుతుంది, 8 ఓమ్స్‌ది, ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్యలో పెట్టి నాబ్ తిప్పితే సౌండ్ తగ్గుతుంది. సర్క్యూట్‌లో చెయ్యి పెట్టక్కర్లేదు కాబట్టి మొదటిసారి చేసేవాళ్ళకి ఇదే మంచిది. ఆరు డెసిబెల్స్ దాకా బానే ఉంది, ఎనిమిది కూడా ఓకే, ఆ తర్వాత మీద దుప్పటి కప్పినట్టు అయిపోయింది. ఎందుకంటే స్పీకర్ ఇంపీడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి అది ఇచ్చే అడ్డు) 8 ఓమ్స్ అని రాసినా అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 8 ఉండదు, కింద రెజోనెన్స్ దగ్గరా, పైన ట్రెబుల్ దగ్గరా బాగా పెరుగుతుంది, ఆంప్‌కి ఆ ఎత్తుపల్లాలు కనపడితేనే ఆ జీవం ఉంటుంది. మధ్యలో రెసిస్టర్లు దూర్చేకొద్దీ ఆంప్‌కి కనపడేది చదునైన రోడ్డే. స్పీకర్ ఎత్తుపల్లాల్ని అనుకరిస్తూ సౌండ్ తగ్గించే ఖరీదైన రియాక్టివ్ అటెన్యుయేటర్లు ఈ గొడవ కోసమే పుట్టాయి, కానీ వాటి రేటుకి ఇంకో ఆంప్ వస్తుంది.

తర్వాత అందరూ చెప్పే ట్యూబ్ మార్పు. 12ఏఎక్స్7 గెయిన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని పెంచే బలం) 100, దాని బదులు 12ఏవై7 పెడితే 44, సాకెట్ అదే, పీకి పెట్టడమే. పెట్టా. నాబ్ మీద ఇప్పుడు 3 బదులు 5 దాకా వెళ్ళగలుగుతున్నా, చూడ్డానికి బాగుంది, వినడానికి మాత్రం అదే పాత 3. గెయిన్ తగ్గిస్తే 6వి6ని తోసే బలం కూడా తగ్గుతుంది కదా, మనకి కావలసింది దానికి పూర్తిగా రివర్సు. క్లీన్ వాయించేవాళ్ళకి నాబ్ తిప్పుకోవడానికి చోటు దొరుకుతుంది తప్ప "తక్కువ సౌండ్‌లో మంచి టోన్" కి ఇది మందు కాదని నా అభిప్రాయం. మళ్ళీ 12ఏఎక్స్7 పెట్టేశా.

ఇక అసలు పని, వీవీఆర్ (వేరియబుల్ వోల్టేజ్ రెగ్యులేటర్). అంటే ట్యూబులకి వెళ్ళే హై వోల్టేజ్‌ని ఒక మాస్‌ఫెట్ (ఒక రకం పవర్ ట్రాన్సిస్టర్) ద్వారా పంపించి, నాబ్‌తో ఆ వోల్టేజ్ తగ్గించుకోవడం. ట్యూబుల్ని లోపల వేడిచేసే హీటర్ల వోల్టేజ్ ముట్టుకోము, అది 6.3 అలాగే ఉంటుంది. వోల్టేజ్ సగం చేస్తే పవర్ నాలుగో వంతుకి, ఇంకా కాస్త కిందకే పడుతుంది, అంటే 5 వాట్లది 1 వాట్ అవుతుంది, ఇంకో సగం చేస్తే 0.2 వాట్ దగ్గరికి వస్తుంది, కానీ ట్యూబ్ మాత్రం దాని శక్తి మేరకి అదే రకంగా క్లిప్ అవుతూ ఉంటుంది. చాంప్‌కి ఇది అతికినట్టు సరిపోయే కారణం ఇంకోటి ఉంది, ఇది కాథోడ్ బయాస్ ఆంప్, అంటే ట్యూబ్ ఎంత కరెంట్ గుంజాలో నిర్ణయించే బయాస్ వోల్టేజ్ దాని కాథోడ్ కాలు కింది రెసిస్టర్ మీదే పుడుతుంది. 6వి6 కాథోడ్ కింద 470 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది, వోల్టేజ్ తగ్గితే కరెంట్ తగ్గి బయాస్ దానంతటదే సర్దుకుంటుంది. బయాస్‌ని విడిగా బయటినుంచి ఇచ్చే ఫిక్స్‌డ్ బయాస్ ఆంపుల్లో అయితే బయాస్ వోల్టేజ్ కూడా కలిసి తగ్గేలా ఇంకో సర్క్యూట్ కట్టాలి, అదో పెద్ద తలనొప్పి.

పార్ట్స్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళా. మాస్‌ఫెట్ అడగ్గానే షాపతను ఐఆర్‌ఎఫ్840 తీసి చేతిలో పెట్టాడు, అందరూ పట్టుకెళ్ళేది అదేనంట. అది 500 వోల్ట్ల రకం. నా ఆంప్‌లో మామూలుగా మల్టీమీటర్ చూపించే హై వోల్టేజ్ 342, కాబట్టి చాలు అనిపిస్తుంది, కానీ ఇక్కడో కిటుకు ఉంది. 5వై3 గబుక్కున వేడెక్కుతుంది, 6వి6 నిదానం. ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లు కరెంట్ తీసుకునేవాడు ఎవడూ ఉండడు, ట్రాన్స్‌ఫార్మర్ 325 ఏసీ ఇస్తుంది కాబట్టి దాని పీక్ 460 వోల్ట్ల దాకా లేస్తుంది, మన వీధిలో రాత్రి పూట కరెంట్ 245 ఉంటే ఇంకా పైకి. 500ది పెట్టి దేవుడి మీద భారం వెయ్యడం దేనికని 800 వోల్ట్లది వెతికి పట్టుకున్నా. డీసీలో మిగిలిన అలల్ని చదును చేసే ఫిల్టర్ కండెన్సర్లు కూడా అదే లెక్కన 450వి కాకుండా 500వి తీసుకున్నా. 1 మెగ్ పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్), 220కె రెసిస్టర్, మాస్‌ఫెట్ గేట్ దగ్గరికి ఒక చిన్న రెసిస్టర్, వోల్టేజ్ హద్దు దాటకుండా ఆపే 12 వోల్ట్ల జీనర్ డయోడ్, మైకా ముక్క, ప్లాస్టిక్ బుష్, పేస్ట్. అన్నీ కలిపి ఐదారు వందలు దాటలేదు.

పని మాత్రం మియాపూర్‌లో చెయ్యలేదు. మా సొంతూరు తెనాలి, అక్కడ మా నాన్నకి తెలిసిన ఒక రేడియో మాస్టారు ఉన్నారు, మర్ఫీ, ఫిలిప్స్ వాల్వు (ట్యూబుకే ఇంకో పేరు) రేడియోలు బాగుచేసిన చేతులు అవి, ఈఎల్84, ఈజెడ్80 లాంటి వాల్వులకి నిద్రలో లేపి అడిగినా పిన్ నంబర్లు చెప్తారు. ఇప్పుడు షాపులో మిక్సీలు, ఇండక్షన్ స్టవ్‌లే. చాసిస్ ఒక్కటే విప్పి బట్టల బ్యాగ్‌లో చుట్టుకుని రైల్లో పట్టుకెళ్ళా, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కదా, భుజం లాగేసింది. టేబుల్ మీద పెట్టగానే తిప్పి చూసి "ఇది మన రేడియోలో సగమే కదయ్యా, ట్యూనింగ్ పీకేసి గిటార్ పెట్టారు" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం.

నేను చెయ్యి లోపల పెట్టబోతే ఆపారు. "ముందు ఎడం చెయ్యి జేబులో పెట్టుకో. ప్లగ్ పీకేశాక కూడా." ఫిల్టర్ కండెన్సర్లలో స్విచ్ ఆపినా వందల వోల్ట్లు నిలవ ఉంటాయి, ఒక చేత్తో చాసిస్, ఇంకో చేత్తో కండెన్సర్ ముట్టుకుంటే ఆ కరెంట్ గుండె మీదుగా పోతుంది. అందుకే ఒక్క చేత్తోనే పని. ఒక మొసలి క్లిప్ చాసిస్‌కి కరిపించి, దానికి 5 వాట్ల 10కె రెసిస్టర్ కట్టి, పొడుగాటి ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ మొనతో కండెన్సర్ ప్లస్ మీద ఆనించి పట్టుకున్నారు, మీటర్ పక్కనే పెట్టి చూపించారు, 290, 180, 60, 12, 2... సున్నాకి వచ్చాక కూడా ఆ క్లిప్ తియ్యలేదు, పని అయ్యేదాకా అలాగే వదిలేశారు. కండెన్సర్ ఖాళీ చేసినా కాసేపటికి కొంచెం వోల్టేజ్ మళ్ళీ పుట్టుకొస్తుందంట. దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి, ఇంట్లో స్విచ్ బోర్డ్ మార్చడం లాంటిది కాదు. తెలిసినవాళ్ళు పక్కన లేకపోతే ఎల్ ప్యాడ్ దగ్గరే ఆగిపోండి, తప్పేం లేదు.

కనెక్షన్ చెప్పుకుంటే చిన్నదే. రెక్టిఫైయర్ తర్వాత మొదటి ఫిల్టర్ కండెన్సర్ ఉంటుంది కదా, అక్కడినుంచి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కీ (6వి6ని స్పీకర్‌కి కలిపేది) మిగతా బోర్డుకీ వెళ్ళే వైర్‌ని తెంపి ఆ మధ్యలో మాస్‌ఫెట్. దానికి మూడు కాళ్ళు, డ్రెయిన్ కండెన్సర్ వైపు, సోర్స్ ట్యూబుల వైపు, ఎంత వోల్టేజ్ వదలాలో చెప్పేది గేట్. 1 మెగ్ పాట్ పై కాలు ఫుల్ వోల్టేజ్‌కి, కింది కాలు 220కె మీదుగా ఎర్త్‌కి, మధ్య కాలు గేట్‌కి. ఆ 220కె లేకపోతే నాబ్ పూర్తిగా తగ్గించినప్పుడు వోల్టేజ్ సున్నాకి పోయి ఆంప్ మూగబోతుంది, అది ఉంటే కింద 60 వోల్ట్ల దగ్గర ఆగుతుంది. జీనర్ గేట్‌కీ సోర్స్‌కీ మధ్య, గేట్ పేలిపోకుండా. అన్నింటికన్నా జాగ్రత్త పడాల్సింది మాస్‌ఫెట్ వీపు మీదుండే రేకు. అది డ్రెయిన్, అంటే ఫుల్ 340 వోల్ట్లు. దాన్ని చాసిస్‌కి బిగిస్తేనే వేడి పోతుంది, చాసిస్ ఏమో ఎర్త్, మధ్యలో ఉన్నది కాగితం మందం మైకా ముక్క. మాస్టారు బ్లేడుతో చాసిస్ కన్నం చుట్టూ గీకి గీకి నున్నగా చేశారు, డ్రిల్ చేసినప్పుడు మిగిలిన చిన్న లోహపు ముల్లు ఒక్కటున్నా మైకాని పొడిచేస్తుందని. బిగించాక మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి రేకుకీ చాసిస్‌కీ మధ్య చూశాం, మోగలేదు, స్క్రూ ఇంకో పావు తిప్పి మళ్ళీ చూశాం.

మొదటిసారి ఆన్ చెయ్యడం సిరీస్ బోర్డులోనే, అంటే కరెంట్ 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు మీదుగానే ఆంప్‌కి వెళ్తుంది. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు ఫుల్‌గా వెలుగుతుంది, ఆంప్ బతికిపోతుంది. బల్బు ఒక్కసారి వెలిగి, మందగించి, ఎర్రటి తీగలా మిగిలింది, అంటే బానే ఉన్నట్టు. స్పీకర్ తగిలించే ఉంచాం, ట్యూబ్ ఆంప్‌ని లోడ్ లేకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. బోర్డు తీసేసి డైరెక్ట్‌గా పెట్టి కొలిస్తే నాబ్ ఫుల్‌లో పాత వోల్టేజే, 6వి6 కాథోడ్ మీద 18.9. నాబ్ తగ్గించి 170కి తెస్తే కాథోడ్ 9 దగ్గరికి వచ్చింది, బయాస్ దానంతటదే సర్దుకోవడం అంటే ఇదే.

సౌండ్ సంగతి. 170 దగ్గర ఆంప్ వాల్యూమ్ 8లో పెట్టి వాయిస్తే... అదే ఆంప్. నిజంగా అదే, కాస్త దూరం నుంచి వింటున్నట్టు, అంతే. వేళ్ళకి అదే స్పందన. 110 దాకా తగ్గించినా బానే ఉంది, డ్రైవ్ ఇంకాస్త మెత్తబడింది, ఎందుకంటే వోల్టేజ్ తగ్గింది ప్రీఆంప్‌కి కూడా కదా. 80 కిందకి వెళ్తే మాత్రం మెత్తదనం పోయి జుయ్‌మని తేనెటీగల గోల, బాస్ ఉండదు. అక్కడితో వీవీఆర్ హద్దు అయిపోయింది.

ఇక్కడే చాలామంది ఆంప్‌ని తిడతారు, తప్పు సగం చెవిది. సౌండ్ తగ్గినకొద్దీ మన చెవికి బాస్, బాగా పైనుండే ట్రెబుల్ రెండూ మిగతావాటికన్నా ఎక్కువగా తగ్గిపోతాయి, 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికా వాళ్ళు కొలిచి గీసిన కర్వులు ఇప్పటికీ ఆ పేరుతోనే చెప్పుకుంటారు. కాబట్టి 104 డెసిబెల్స్‌లో అద్భుతంగా ఉన్న సర్క్యూట్ 80లో డబ్బా రేకులా వినపడటం సహజం, దానికి తగ్గట్టు టోన్ మనమే సర్దాలి. నా బోర్డులో 12ఏఎక్స్7 మొదటి సగం కాథోడ్ మీద, గెయిన్ పెంచే బైపాస్ కండెన్సర్ లేదు. అక్కడ చాలామంది 0.68 మైక్రోఫారడ్ పెడతారు, అది మిడ్స్ నుంచి పైకి పెంచుతుంది, బాస్‌ని వదిలేస్తుంది, పెద్ద సౌండ్‌కి అది కరెక్ట్. నాకు కింద కూడా కావాలి కాబట్టి 2.2 మైక్రోఫారడ్ పెట్టా, గెయిన్ ఐదారు డెసిబెల్స్ పెరిగి గిటార్ లావు తీగల దాకా నిండుగా వచ్చింది. వాల్యూమ్ పాట్ మీద 120 పికోఫారడ్ బుల్లి కండెన్సర్, ట్రెబుల్ కోసం. అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి ఆంప్‌ని అదుపులో ఉంచే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 22కె ఉంటుంది, దాన్ని ఒక స్విచ్ మీదకి తీశా, ఆపేస్తే ఆంప్ ఇంకాస్త గరుకుగా, వదులుగా అవుతుంది, తక్కువ సౌండ్‌లో ఆ వదులుతనం బావుంటుంది, పెంచితే మాత్రం బాస్ దొబదొబమంటుంది, అందుకే స్విచ్.

హమ్మింగ్ కొంచెం పెరిగింది, సింగిల్ ఎండెడ్ ఆంపుల్లో పవర్ సప్లై అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, 100 హెర్ట్జ్ బుర్రుమనడం స్పీకర్ దాకా వస్తుంది. మొదటి కండెన్సర్‌ని పెద్దది చేసెయ్యాలనిపిస్తుంది కానీ చెయ్యకూడదు, 5వై3 డేటా షీట్‌లో చెప్పింది 20 మైక్రోఫారడ్లే, 100 పెడితే ప్రతిసారి ఆన్ చేసినప్పుడు ఆ ట్యూబ్ ప్రాణం తీసినట్టే. రెండో కండెన్సర్ 47 చేశా, మాస్‌ఫెట్ గేట్ నుంచి ఎర్త్‌కి 0.1 పెట్టా, వీవీఆర్ నాబ్ కొంచెం తగ్గించగానే హమ్మింగ్ చాలావరకు పోయింది.

ఆఖర్న స్పీకర్. 8 అంగుళాలది తీసేసి విడిగా ఒక 12 అంగుళాల క్యాబ్ (స్పీకర్ పెట్టె) కట్టించా, వడ్రంగికి గిటార్ క్యాబ్ అంటే ఏంటో చెప్పడానికి పట్టిన టైమ్ సర్క్యూట్‌కి కూడా పట్టలేదు, "వెనకాల తలుపు ఎందుకు సగమే బాబూ" అని ఒకటే గోల. సెలెస్టియన్ వింటేజ్ 30 లాంటి స్పీకర్ల సెన్సిటివిటీ 100 డెసిబెల్స్, నేను కావాలని 95 ఉన్నది ఎంచుకున్నా. 5 డెసిబెల్స్ తేడా అంటే ఆంప్ పవర్‌ని మూడో వంతు చేసినదానితో సమానం, అదీ టోన్‌లో ఏమీ పోగొట్టుకోకుండా. పైగా పెద్ద కోన్, పెద్ద పెట్టె, చిన్న సౌండ్‌లో కూడా నిండుగా ఉంటుంది. ఒక్క సోల్డరింగ్ జాయింట్ లేకుండా ఇంత లాభం వేరే ఏ మార్పులోనూ రాలేదు, మళ్ళీ మొదటినుంచి చెయ్యమంటే ముందు స్పీకరే మారుస్తా. ఆంప్ అవుట్‌పుట్ ఎన్ని ఓమ్స్‌కి ఉందో చూసుకుని తీసుకోండి, అసలు చాంప్ 4 ఓమ్స్ లెక్కది, నా కిట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 8 ఓమ్స్ వైర్ కూడా ఉంది కాబట్టి సరిపోయింది. క్యాబ్ నేల మీద కాకుండా స్టూల్ మీద, చెవి ఎత్తున, కింద మడత పెట్టిన బొంత. బాస్ స్లాబ్‌లోకి దిగకుండా ఉంటే కింది ఇంటివాళ్ళకి సగం సమస్య తీరినట్టే.

ఇప్పుడు సాయంత్రాలు వాల్యూమ్ 8, వోల్టేజ్ 130 దగ్గర, ఫోన్ యాప్ 80 డెసిబెల్స్ చుట్టూ చూపిస్తుంది, అంటే గట్టిగా పెట్టిన టీవీ అనుకోండి. ఎల్ ప్యాడ్ ఇంకా తియ్యలేదు, మరీ తగ్గించాల్సినప్పుడు ఒక మూడు నాలుగు డెసిబెల్స్ దానితో, అంతకన్నా కాదు. రాత్రి పది దాటాక ఎలాగూ హెడ్‌ఫోన్సే, 80 వోల్ట్ల కింద ట్యూబుల్ని పీడించి టోన్ రాలేదని ఏడవడం కన్నా అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆంప్ సిమ్యులేటరే నయం.